పేస్ట్ చేస్తే ‘రు’ ఎగిరిపోయింది

మన సాహితీ క్లబ్ యాప్‌లో ‘మీ రచన పంపండి’ అనే పేజీ ఉంది కదా, దాని వెనక ఉన్న కోడ్ నాదే. కోడ్ నాది కాబట్టి అది చేసిన తప్పు కూడా నాదే. ఆ తప్పు గురించే ఈ వ్యాసం. మొబైల్ యాప్‌లో కాపీ, పేస్ట్ ఎలా పనిచేస్తాయో, తెలుగు దగ్గరికి వచ్చేసరికి అవి ఎక్కడ తడబడతాయో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. సీఎస్ఈ వాళ్లకి కొంత తెలిసిందే అనిపించొచ్చు. మెకానికల్, సివిల్ మిత్రులు భయపడక్కర్లేదు, కోడ్ లైన్లు ఒక్కటి కూడా పెట్టడం లేదు.

ముందు జరిగింది చెబుతా. పోయిన సెమిస్టర్‌లో ఫస్టియర్ అమ్మాయి ఒకరు తన మొదటి కవిత పంపింది. వాళ్ల నాన్నగారి మీద రాసింది. శనివారం ఊరికి వెళ్తే బస్‌స్టాండ్‌లో నిలబడి ఎదురుచూసే నాన్న, ఇప్పుడు లేరు. కవిత చివరి పాదం ‘నాన్న ఇక రారు’. ఫోన్‌లో నోట్స్‌లో రాసుకుని, కాపీ చేసి, మన యాప్‌లో పేస్ట్ చేసి, ‘పంపు’ నొక్కింది.

సంచికలో వచ్చింది మాత్రం ఇంకోటి. పాదాలన్నీ కలిసిపోయి ఒకే పేరా అయింది. ‘బస్‌స్టాండ్’ అన్న మాట ‘బస్స్టాండ్’ అయి, ఒత్తుల మీద ఒత్తులు పడింది. చివరి పాదం ‘నాన్న ఇక రా’ అయింది.

ఇందులో ఘోరం ఏంటంటే, మాకు అది తప్పని తెలియలేదు. పాదాలు విరగ్గొట్టకుండా రాయడం ఆమె పద్ధతేమో అనుకున్నాం. క్లబ్ మీటింగ్‌లో అందరి ముందూ నేనే లేచి, ‘ముగింపు చాలా బాగుంది, నాన్నని పిలుస్తున్నట్టుంది’ అని మెచ్చుకున్నాను కూడా. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. తర్వాత రెండు మీటింగులకి రాలేదు. వాళ్ల క్లాస్‌మేట్ ద్వారా విషయం తెలిసి వెళ్లి అడిగితే ఫోన్ తీసి అసలు కవిత చూపించింది. ‘సీనియర్లు కావాలనే మార్చారనుకున్నా అన్నా. మీరు ముగింపు బాగుందన్నాక అడగబుద్ధి కాలేదు’ అంది.

ఆ రాత్రి నా కోడ్ నేనే మళ్లీ చదువుకున్నాను.

అసలు క్లిప్‌బోర్డ్ అంటే ఏంటి?

కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతి 1970ల మధ్యలో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రూపుదిద్దుకుంది. లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు ‘జిప్సీ’ అనే ఎడిటర్ కోసం దీన్ని తయారుచేశారు. పూర్వం పత్రికాఫీసుల్లో కత్తెరతో పేరా కత్తిరించి, ఇంకో కాగితం మీద జిగురుతో అతికించేవారు. ఆ పేర్లే కంప్యూటర్‌లోకి వచ్చాయి. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో చనిపోయారు. మనం రోజుకి వందసార్లు వాడే ఈ పని అంత తేలిక కాదనడానికి ఒక సాక్ష్యం: 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో కాపీ పేస్ట్ లేనే లేదు. 2009లో ఐఫోన్ ఓఎస్ 3.0 వచ్చేదాకా జనం ఆగాల్సి వచ్చింది.

ఆండ్రాయిడ్‌లో క్లిప్‌బోర్డ్ అంటే హాస్టల్ కారిడార్‌లో ఉండే ఉమ్మడి అల్మరా లాంటిది. అందులో ఒక్క వస్తువుకే చోటు. మీరు కొత్తది పెడితే పాతది పోతుంది. ఆ అల్మరాకి కాపలాదారు పేరు ‘క్లిప్‌బోర్డ్ మేనేజర్’. యాప్ ఏదైనా కాపీ చేయాలంటే ముందు సరుకుని ‘క్లిప్ డేటా’ అనే పెట్టెలో పెట్టాలి. పెట్టె మీద లేబుల్, లోపల ఏ రకం సరుకుందో చెప్పే చీటీ, అసలు సరుకు, ఈ మూడూ ఉంటాయి. పెట్టెను మేనేజర్ చేతికిస్తే కాపీ అయినట్టే.

పేస్ట్ చేయాలంటే అదే దారిలో వెనక్కి రావాలి. ఒకటి, అల్మరాలో అసలు ఏమైనా ఉందా? రెండు, చీటీ మీద రాసింది మామూలు టెక్స్టా, వెబ్ పేజీ ముక్కా, ఫొటో చిరునామానా? మూడు, టెక్స్ట్ అయితే మొదటి అంశం తీసుకో. ఈ మూడు ప్రశ్నల్లో ఏది వదిలేసినా యాప్ ఎప్పుడో ఒకప్పుడు కూలుతుంది. ఫొటో కాపీ చేసి ఉన్నవాడు వచ్చి మీ టెక్స్ట్ బాక్స్‌లో పేస్ట్ నొక్కుతాడు, టెక్స్ట్ చోట ఏమీ ఉండదు, ఖాళీని పట్టుకుని మీ కోడ్ కింద పడుతుంది.

కాపీ వైపు నేను నేర్చుకున్నది

కాపీ సులువైన సగం. అయినా మూడు సంగతులున్నాయి.

మొదటిది, తెర మీద కనిపించే రాతంతా దానంతటదే కాపీ కాదు. ఆండ్రాయిడ్‌లో చదివే టెక్స్ట్‌ని ‘ఎంచుకోవచ్చు’ అని మనం విడిగా చెప్పాలి. చెప్పకపోతే పాఠకుడు పాదం మీద వేలు నొక్కిపెట్టి అలా చూస్తూ ఉండాల్సిందే. మా యాప్ మొదటి వెర్షన్‌లో అదే జరిగింది. జనం స్క్రీన్‌షాట్లు తీసి పంపుకున్నారు.

రెండోది, కాపీ అయిందని చెప్పడం. నేను ‘కాపీ అయింది’ అని కింద ఒక చిన్న సందేశం చూపించాను. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కాపీ అయినది సిస్టమే తెర అడుగున చూపిస్తుంది. కొత్త ఫోన్లలో రెండు సందేశాలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు వెర్షన్ చూసి, పాత ఫోన్లలో మాత్రమే నా సందేశం చూపిస్తున్నాను.

మూడోది సాహితీ క్లబ్‌కి సంబంధించింది. వాట్సాప్‌లో మంచి కవిత వస్తుంది, కింద రచయిత పేరుండదు, ‘సేకరణ’ అని ఉంటుంది. ఈ సేకరణగారు ఎన్ని వేల కవితలు రాశారో లెక్కలేదు! అందుకే మన యాప్‌లో ‘కవిత కాపీ చేయి’ బటన్ నొక్కితే కవితతో పాటు కింద కవి పేరు, సంచిక పేరు కూడా పెట్టెలోకి వెళ్తాయి. పేరు తీసేయాలనుకున్నవాడు తీసేస్తాడు, ఆపలేం. బద్ధకం వల్ల పేరు పోకుండా మాత్రం ఆపగలం.

ఉమ్మడి అల్మరా, సొంత రహస్యాలు

పేస్ట్ వైపు రాగానే ముందు మర్యాద నేర్చుకోవాలి. అల్మరా ఉమ్మడిది అన్నాను కదా. అందులో మీ కవితే ఉండొచ్చు, బ్యాంక్ ఓటీపీ ఉండొచ్చు, ఎవరికో పంపబోయి మానేసిన మెసేజ్ ఉండొచ్చు. ఒకప్పుడు వెనక నడుస్తున్న ఏ యాప్ అయినా దాన్ని చదవగలిగేది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి తెర మీద ముందున్న యాప్, లేదా మీరు ఎంచుకున్న కీబోర్డ్ మాత్రమే చదవగలవు. 2020లో ఐఓఎస్ 14, 2021లో ఆండ్రాయిడ్ 12 ఇంకో అడుగు వేశాయి. ఒక యాప్ ఇంకో యాప్ నుంచి వచ్చిన సరుకుని చదివితే వాడుకరికి తెర మీద చెప్పేస్తాయి.

ఇక్కడ నేను అతితెలివికి పోయాను. యాప్ తెరవగానే క్లిప్‌బోర్డ్ చూసి, అందులో పొడవైన టెక్స్ట్ ఉంటే ‘మీ రచన పేస్ట్ చేయమంటారా?’ అని అడిగితే బాగుంటుంది కదా అనుకున్నా. అలా పెట్టిన మర్నాడే క్లబ్ గ్రూపులో గోల. ‘ఏరా, మన యాప్ ఓటీపీలు చదువుతోందా?’ అని. వాళ్లు అడిగింది న్యాయమే. నేను వాళ్లని అడగకుండా అల్మరా తెరిచాను, సిస్టమ్ వాళ్లకి చెప్పేసింది.

దీనికి మందు తేలికే. పెట్టె తెరవకుండా పైన చీటీ మాత్రం చదవొచ్చు. అందులో టెక్స్ట్ ఉందో లేదో తెలుస్తుంది, ఏముందో తెలియదు, ఆ హెచ్చరిక కూడా రాదు. టెక్స్ట్ ఉంటే పేస్ట్ బటన్ వెలిగించాలి. మనిషి నొక్కాకే పెట్టె తెరవాలి. మన యాప్ ఇప్పుడు అలాగే చేస్తోంది.

నా శుభ్రత పిచ్చి

ఇక అసలు నేరం దగ్గరికి వద్దాం. జనం ఎక్కడెక్కడి నుంచో పేస్ట్ చేస్తారు కాబట్టి చెత్త కూడా వస్తుంది: అనవసరమైన ఖాళీలు, కనపడని గుర్తులు. ‘పంపు’ నొక్కాక అదంతా ఊడ్చేయడానికి ఒక ఫంక్షన్ రాశాను. మూడు పనులు చేసేది. కనపడని గుర్తులన్నీ తీసెయ్. వరసగా ఎన్ని ఖాళీలున్నా ఒక్కటి చెయ్. 300 దాటితే మిగిలింది కోసెయ్. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలిచ్చి పరీక్షించాను. బ్రహ్మాండంగా పనిచేసింది. తెలుగులో పరీక్షించలేదు. తెలుగు క్లబ్ యాప్‌కి!

ఒక్కొక్క పని తెలుగుని ఏం చేసిందో చూడండి.

కనపడని గుర్తుల్లో ఒకటి ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’. పొల్లు తర్వాత ఇది ఉంటే పక్క హల్లు ఒత్తుగా మారకుండా ఆగుతుంది. ‘బస్‌స్టాండ్’లో మొదటి ‘స్’ విడిగా నిలబడేది దీనివల్లే. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ లాంటి మాటలన్నింటికీ ఇదే ఆధారం. కంటికి కనపడదు కాబట్టి చెత్త అనుకున్నాను. కనపడకపోయినా ఇది ఎంత బరువైనదో చెప్పే ఉదంతం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం మధ్యలో ఈ గుర్తు ఇరుక్కున్న ఒక వరుస మెసేజ్‌లో వస్తే చాలు, ఐఓఎస్ 11 ఉన్న ఐఫోన్లలో దాన్ని చూపించబోయిన యాప్ కూలిపోయేది. 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడుకున్న రోజులవి, కారణం అంత గొప్పది కాకపోయినా.

రెండోది, ‘ఖాళీ’ అన్న మాటకి అర్థం. ప్రోగ్రామింగ్‌లో ఖాళీలను వెతికే గుర్తు మామూలు ఖాళీతో పాటు కొత్త లైన్‌ని కూడా ఖాళీ కిందే లెక్కేస్తుంది. నా దృష్టిలో అది చెత్త, కవి దృష్టిలో అది పాదం. పాదాలన్నీ అలా కలిసిపోయాయి.

ఇంకా నయం, నా స్నేహితుడు ఇచ్చిన సలహా వినలేదు. ‘అక్షరాలు కానివన్నీ తీసేస్తే పోలా’ అన్నాడు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు ‘అక్షరాలు’ అన్న తరగతిలో ఉండవు, ‘గుర్తులు’ అన్న తరగతిలో ఉంటాయి. ఆ సలహా పాటిస్తే ‘తెలుగు’ కాస్తా ‘తలగ’ అయ్యేది.

300 అంటే 300 ఏవి?

మూడోదే ‘రు’ని మింగింది. ఆ అమ్మాయి పేజీలో ‘300 అక్షరాలకు మించకుండా’ అని చదివి, నమ్మకంగా వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఖాళీలతో కలిపి రెండొందల లోపే వచ్చాయి. నా కోడ్ లెక్కలో 302 వచ్చాయి. ఇద్దరివీ సరైన లెక్కలే. లెక్కపెట్టింది వేరు వేరు వస్తువుల్ని.

‘స్త్రీ’ అన్న మాట తీసుకోండి. మనకి అది ఒక్క అక్షరం. ఫోన్‌కి అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుణింతం. ఈ ముక్కల్ని కోడ్ పాయింట్లంటారు. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి మూడు బైట్లు, అంటే మొత్తం 18 బైట్లు. కాబట్టి ‘స్త్రీ’ పొడవెంత అంటే 1 అనొచ్చు, 6 అనొచ్చు, 18 అనొచ్చు. ఇంగ్లీషులో ‘ఏ’ అక్షరానికి ఈ మూడు లెక్కలూ 1 దగ్గరే కలుస్తాయి. అందుకే ఇంగ్లీషుతో పరీక్షిస్తే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు.

‘రారు’లో నాలుగు ముక్కలు: ర, ఆ గుణింతం, ర, ఉ గుణింతం. 302లోంచి 300 ఉంచి రెండు కోస్తే చివరి ‘ర’, దాని కొమ్ము పోయాయి. మిగిలింది ‘రా’. ఒక్క ముక్కే కోసి ఉంటే ‘రార’ అయ్యేది, ఏదో తేడాగా ఉందని మేం పట్టుకునేవాళ్లం. సరిగ్గా అర్థం వచ్చేలా తెగింది కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు. ఇక రారన్న మనిషిని ఇక రమ్మని పిలిచింది నా కోడ్.

అక్షరాలను మనిషిలా లెక్కపెట్టే సాధనం లేకపోలేదు. ‘బ్రేక్ ఇటరేటర్’ అని ఉంది. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అది చెబుతుంది. అయితే దాని వెనక ఉన్న యూనికోడ్ నియమాలు కూడా చాలాకాలం సంయుక్తాక్షరాల్ని పొల్లు దగ్గర విడగొట్టేవి. ‘స్త్రీ’ని స్, త్, రీ అని మూడుగా లెక్కేసేవి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లోనే తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ లిపుల సంయుక్తాలను ఒకే అక్షరంగా చూడాలన్న నియమం చేరింది. పాత ఫోన్లలో ఇంకా పాత లెక్కే. అంటే లెక్కలో కాస్త తేడా ఉంటుందని ఒప్పుకుని కోడ్ రాయాలి.

ఇప్పుడు ఎలా ఉంది?

ఫంక్షన్ మొత్తం తిరగరాశాను. ఇలా చేస్తోంది:

ఒకటి, కొత్త లైన్లను ముట్టుకోదు. విండోస్ నుంచి వచ్చే రెండు గుర్తుల లైన్ ముగింపుని మాత్రం ఒకటిగా మారుస్తుంది. పాదం చివర అనవసరపు ఖాళీలు తీస్తుంది.

రెండు, కనపడని గుర్తుల్లో ఏవి తీయాలో పేరుపేరునా జాబితా ఉంది. అక్షరాలను కలిపే, విడదీసే గుర్తులు ఆ జాబితాలో లేవు.

మూడు, ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా రాసే వీలున్న చోట ఒకే రూపానికి తెస్తుంది. ఉదాహరణకి ‘కై’లో ఐత్వం ఒకే ముక్కగా ఉండొచ్చు, ఎత్వం ఒకటి, కింది గుర్తు ఒకటి అని రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. తెర మీద తేడా ఉండదు, వెతికితే మాత్రం ఒకటి దొరికి ఇంకోటి దొరకదు. దీన్ని నార్మలైజేషన్ అంటారు.

నాలుగు, పేస్ట్ అయినదాంట్లో తెలుగు కోడ్ పాయింట్లు బాగా తక్కువుంటే ఆగి అడుగుతుంది. ఇది మన రిటైర్డ్ మాస్టారు ఒకరి పుణ్యం. ఆయన వ్యాసం డీటీపీ షాపులో పాత ఫాంట్‌తో టైప్ చేయించారు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీద తెలుగు బొమ్మలు అతికిస్తాయి. కాపీ చేస్తే నంబర్లు వస్తాయి, బొమ్మలు రావు. మాస్టారి వ్యాసం మా దగ్గర పిచ్చిగీతల్లా దిగింది. అలాంటివాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకు రమ్మని ఇప్పుడు యాప్ చెబుతుంది.

ఐదు, అన్నింటికంటే ముఖ్యమైనది: ఏదీ చెప్పకుండా కోయదు. హద్దు దాటితే లెక్క ఎర్రగా కనిపిస్తుంది, ‘పంపు’ బటన్ ఆగుతుంది. ఏది తగ్గించాలో రాసినవాళ్లే చూసుకుంటారు. పంపే ముందు, అచ్చులో ఎలా ఉంటుందో అలాగే ఒకసారి తెర మీద చూపిస్తుంది.

ఈ ఐదోది కోడ్‌కి సంబంధించింది కాదేమో అని కూడా అనిపిస్తుంది నాకు. తాటాకుల కాలంలో ఒక ప్రతి చూసి ఇంకో ప్రతి రాసేటప్పుడు లేఖకుడు ఒక అక్షరం జారవిడిస్తే, తర్వాతివాళ్లంతా దాన్నే ఎత్తి రాసుకునేవారు. అలా పుట్టినవే ఎన్నో పాఠభేదాలు. సి.పి. బ్రౌన్ దొర పండితుల్ని పెట్టి, ప్రతులు పక్కపక్కన పెట్టుకుని సరిచూడాల్సి వచ్చింది అందుకే. వాళ్లు కనీసం పోల్చి చూశారు. మేం ఆ అమ్మాయి ప్రతి ఒకసారి అడగలేదు, ముగింపు బాగుందని చప్పట్లు కొట్టాం.

మర్నాడు కవితను సరిచేసి, తప్పు మాదేనని కింద రాసి, మళ్లీ ప్రచురించాం. మీటింగ్‌లో నేను ఇంకోసారి లేచి, ఈసారి కవిత మొత్తం పాదాలు విరుస్తూ చదివాను. చివరి పాదం దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపు అందరం ఊరికే కూర్చున్నాం. కవిత అసలు చేయాల్సిన పని అదేనని అప్పుడు తెలిసింది.

ఈ వ్యాసం ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమె ఇప్పుడు మా యాప్ బృందంలోనే ఉంది. కోడ్‌లో ఏ చిన్న మార్పు చేసినా ముందు నడిచే పరీక్ష ఒకటి పెట్టింది. ఆ కవితని పేస్ట్ చేసి, పంపి, బయటికి వచ్చినదాన్ని అసలుతో ముక్క ముక్కా పోల్చి చూస్తుంది. ఆ పరీక్షకి తను పెట్టిన పేరు ‘రారు’. అది నెగ్గితేనే కొత్త వెర్షన్ మీ ఫోన్‌కి వస్తుంది.

మీరూ ఎప్పుడైనా తెలుగు కోసం యాప్ రాస్తే, ఇంగ్లీషు వాక్యంతో పరీక్షించి ఊరుకోకండి. ఒక ‘స్త్రీ’, ఒక ‘జ్ఞానం’, ఒక ‘సాఫ్ట్‌వేర్’, నాలుగు పాదాల కవిత ఒకటి పేస్ట్ చేసి చూడండి. పంపినది పంపినట్టు అవతలికి చేరిందో లేదో కళ్లతో చదివి చూడండి. రాసినవాళ్లు అడగరు. మొహమాటపడతారు.